రేఖీయ అసమీకరణాలు

నిర్వచనం

రెండు రాశుల్లో ఏది ఎక్కువో, ఏది తక్కువో చెప్పే గణిత వాక్యాన్ని అసమానత అంటారు. 5 < 9 అలాంటి వాక్యమే. అందులో విలువ తెలియని చరరాశి ఉండి, దాని ఘాతం ఒకటికి మించకపోతే అది రేఖీయ అసమీకరణం లేదా ఏకఘాత అసమీకరణం. ఏక చరరాశిలో దీని సాధారణ రూపం మ × య + న < 0. ఇందులో మ, న వాస్తవ సంఖ్యలు, మ సున్న కాదు. < స్థానంలో >, ≤, ≥ గుర్తుల్లో ఏదైనా రావచ్చు. వాక్యాన్ని నిజం చేసే విలువలన్నిటినీ కలిపి సాధన సమితి అంటారు.

ఈ వ్యాసంలో మొదటి చరరాశికి య, రెండో దానికి క అక్షరాలు వాడటమైంది. సంస్కృత బీజగణితంలో మొదటి అవ్యక్త రాశిని యావత్తావత్తు అనీ, రెండోదాన్ని కాలకం అనీ పిలిచి, వాటి తొలి అక్షరాలతో గుర్తించేవారు. నేటి పాఠ్యపుస్తకాల్లో ఈ స్థానంలో ఎక్స్, వై ఉంటాయి.

ఏక చరరాశి రేఖీయ సమీకరణానికి సాధన ఒకే సంఖ్య. అసమీకరణానికి సాధన సంఖ్యారేఖ మీద ఒక ముక్క, అంటే ఒక హద్దు నుంచి ఒక దిక్కుకు సాగే సంఖ్యలన్నీ. సమీకరణాలకు అలవాటుపడిన విద్యార్థి మొదట తడబడేది ఇక్కడే. "జవాబు ఎంత?" అన్న ప్రశ్నకు ఒక్క అంకె చెప్పడం అప్పటికి అలవాటై ఉంటుంది. ఇక్కడ మాత్రం "ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?" అన్నదే ప్రశ్న.

రకాలు

చరరాశి విలువ ఏదైనా నిజమయ్యేవి నిరపేక్ష అసమానతలు. ఏ వాస్తవ సంఖ్య వర్గమైనా సున్న కంటే తక్కువ కాదన్నది వీటిలో సుపరిచితం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు (1920–2023) పేరు చేరిన క్రేమర్–రావు అసమానత కూడా ఈ కోవలోదే. ఆయన 1945లో ప్రకటించిన ఆ ఫలితం రేఖీయమూ కాదు, చరరాశి విలువ కనుక్కోవడానికి ఇచ్చిన లెక్కా కాదు. నిర్దిష్ట నియమాలకు లోబడి ఎల్లప్పుడూ నిలిచే హద్దు అది. కొన్ని విలువలకే నిజమయ్యేవి సాపేక్ష అసమానతలు. బడిలో "సాధించండి" అని ఇచ్చేవన్నీ దాదాపు ఇవే.

< , > గుర్తులున్నవాటిని కఠిన అసమీకరణాలు అంటారు. వీటిలో హద్దు సంఖ్య సాధనలో చేరదు. ≤, ≥ ఉంటే చేరుతుంది. సంఖ్యారేఖ మీద హద్దు చేరకపోతే ఖాళీ చుక్క, చేరితే నిండు చుక్క పెడతారు. అంతరాల భాషలో మొదటిది వివృతం, రెండోది సంవృతం. య < 5 సాధన (−∞, 5), య ≥ −4 సాధన [−4, ∞). అనంతం సంఖ్య కాదు కాబట్టి దాని పక్కన ఎప్పుడూ గుండ్రని కుండలీకరణమే వస్తుంది.

చరిత్ర

ఎక్కువ తక్కువల ఆలోచన ఎంతో పాతది. గుర్తులు మాత్రం కొత్తవి. <, > ఆంగ్ల గణితజ్ఞుడు థామస్ హారియట్ గ్రంథంలో, ఆయన చనిపోయిన పదేళ్లకు, 1631లో అచ్చయ్యాయి. "లేదా సమానం" అన్న అర్థం వచ్చేలా కింద గీతలు చేర్చిన రూపాన్ని 1734లో ఫ్రాన్సుకు చెందిన పియర్ బూగేర్ వాడాడు.

సాధనకు ఆధారమైన ధన, ఋణ సంఖ్యల నియమాలను అంతకు చాలా ముందే, సా.శ. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు చెప్పాడు. రెండు ఋణాల లబ్ధం ధనమన్న నియమం అందులో ఉంది. ఋణ సంఖ్యతో గుణిస్తే అసమానత తిరగబడటానికి మూలం ఈ నియమాల్లోనే ఉంది.

అనేక అసమీకరణాలను ఒకేసారి సాధించే పద్ధతిని 1820లలో ఫ్రెంచి గణితజ్ఞుడు జోసెఫ్ ఫూరియే ఆలోచించాడు. 1936లో థియోడర్ మోట్జ్‌కిన్ తన పరిశోధనలో దాన్ని మళ్లీ కనుగొన్నాడు. ఒక్కొక్క చరరాశినే తొలగించుకుంటూ పోయే ఆ పద్ధతికి నేడు ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఈ ఇద్దరికీ మధ్యకాలంలో, 1902లో, హంగరీకి చెందిన ఫార్కాష్ ఒక అసమీకరణ వ్యవస్థకు సాధన ఉందో లేదో తేల్చే సిద్ధాంతాన్ని ప్రకటించాడు.

సాధన సూత్రాలు

అసమీకరణాన్ని సాధించడమంటే సాధన సమితి మారకుండా దాని రూపాన్ని సరళం చేసుకుంటూ పోవడం. ఇందుకు మూడు సూత్రాలు చాలు. రెండు పక్షాలకూ ఒకే సంఖ్య కలిపినా, తీసివేసినా అసమానత దిక్కు మారదు. రెండు పక్షాలనూ ఒకే ధన సంఖ్యతో గుణించినా, భాగించినా మారదు. ఋణ సంఖ్యతో గుణించినా, భాగించినా దిక్కు తిరగబడుతుంది. సున్నతో గుణిస్తే రెండు పక్షాలూ సున్నే అయి వాక్యం అర్థం కోల్పోతుంది. సున్నతో భాగించడం ఎలాగూ లేదు.

మూడో సూత్రానికి కారణం సంఖ్యారేఖ మీద కనిపిస్తుంది. 2, 5 రెండూ సున్నకు కుడివైపున ఉన్నాయి, 5 ఇంకా దూరంగా ఉంది. రెంటినీ −1తో గుణిస్తే −2, −5 అవుతాయి. సున్న నుంచి దూరాలు మారలేదు కానీ రెండూ ఎడమవైపుకు వచ్చాయి. ఎడమవైపున ఎక్కువ దూరంలో ఉన్న సంఖ్యే చిన్నది. కాబట్టి 2 < 5 కాస్తా −2 > −5 అయింది. సమీకరణాల్లో ఈ సమస్య రాదు. సమానమైన రెండు సంఖ్యలు ఎటు తిప్పినా సమానంగానే ఉంటాయి.

7 − 3య ≤ 19 అన్న లెక్క తీసుకుంటే, రెండు పక్షాల నుంచి 7 తీసివేయగా −3య ≤ 12 వస్తుంది. −3తో భాగిస్తే య ≥ −4. ఇదే లెక్కను గుర్తు తిప్పే పని లేకుండానూ చేయవచ్చు. −3యను కుడి పక్షానికి, 19ని ఎడమ పక్షానికి పంపితే 7 − 19 ≤ 3య, అంటే −12 ≤ 3య, అంటే −4 ≤ య. చరరాశి గుణకం ధనంగా ఉండే పక్షంలోకి పదాలను చేర్చుకోవడం ఈ పద్ధతి కిటుకు. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే మేలు. మూడో సూత్రం కంఠస్థం చేసి మరిచిపోయే ప్రమాదం ఇందులో ఉండదు. పైగా రెండు దారుల్లోనూ ఒకే జవాబు రావడం చూస్తే ఆ సూత్రం ఎందుకు నిజమో కూడా తెలిసిపోతుంది.

భిన్నాలుంటే ముందు హారాల క.సా.గు.తో గుణించడం వాడుక. (య + 1)/2 − (య − 2)/3 < 2 అన్నదాన్ని 6తో గుణిస్తే 3(య + 1) − 2(య − 2) < 12 అవుతుంది. కుండలీకరణాలు విప్పితే 3య + 3 − 2య + 4 < 12. అంటే య + 7 < 12, కనుక య < 5. ఇక్కడ చాలామంది +4 బదులు −4 రాస్తారు. అసమీకరణం తెలియక కాదు, −2ను −2తో గుణించే దగ్గర జరిగే పొరపాటు అది.

రెండు హద్దులున్న సంయుక్త అసమీకరణంలో మూడు భాగాల మీదా ఒకే పని చేయాలి. 3 < 5 − 2య ≤ 9 నుంచి 5 తీసివేస్తే −2 < −2య ≤ 4. −2తో భాగిస్తే రెండు గుర్తులూ తిరిగి 1 > య ≥ −2 వస్తుంది. దాన్ని చిన్న సంఖ్య ఎడమన ఉండేలా −2 ≤ య < 1 అని తిరగరాస్తారు. 

కొన్నిసార్లు చరరాశి మొత్తంగా రద్దయిపోతుంది. 2(య + 3) < 2య + 5 అన్నది 6 < 5 దగ్గర తేలుతుంది. అది అబద్ధం కనుక సాధన లేదు. గుర్తు > అయి ఉంటే ప్రతి వాస్తవ సంఖ్యా సాధనే.

సమీకరణంలో వచ్చిన విలువను ప్రతిక్షేపిస్తే సరిచూడటం పూర్తవుతుంది. అసమీకరణంలో హద్దు సంఖ్య, సాధనలోని ఒక సంఖ్య, బయటి ఒక సంఖ్య, మూడింటినీ వేసి చూడాలి. హద్దు ఒక్కటే సరిపోయిందని సంతృప్తి పడితే దిక్కు తప్పిన జవాబు కూడా సరైనదిగానే కనిపిస్తుంది.

"గుర్తు మారుతుంది": రెండు వేర్వేరు సంగతులు

తెలుగు మాధ్యమం తరగతుల్లో పక్షాంతరణాన్ని "అటు తీసుకెళ్తే గుర్తు మారుతుంది" అని నేర్పడం పరిపాటి. +7 అవతలి పక్షానికి వెళ్తే −7 అవుతుంది. అసమీకరణాల దగ్గరికి వచ్చాక "ఋణ సంఖ్యతో భాగిస్తే గుర్తు మారుతుంది" అన్న మరో మాట వినిపిస్తుంది. మొదటిదానిలో మారేది పదం ముందున్న + లేదా −. రెండోదానిలో మారేది మధ్యనున్న < లేదా >. రెండింటికీ ఒకే మాట వాడటం వల్ల విద్యార్థి పదాన్ని అటు పంపినప్పుడే అసమానత గుర్తును కూడా తిప్పేస్తాడు. లేదా −12ను 4తో భాగించేటప్పుడు ఋణ గుర్తు కనిపించింది కదా అని తిప్పుతాడు. భాగించే సంఖ్య ఋణమా అన్నదే ప్రశ్న, భాగింపబడేది ఏదైనా ఫరవాలేదు. మొదటిదాన్ని గుర్తు మారడమనీ, రెండోదాన్ని దిక్కు తిరగడమనీ వేర్వేరుగా చెబితే ఈ గందరగోళం చాలావరకు తప్పుతుంది.

చిన్న తరగతుల్లో < గుర్తును మొసలి నోరుగా చూపి, అది పెద్ద సంఖ్య వైపే తెరుచుకుంటుందని చెబుతారు. సహజ సంఖ్యల వరకు ఇది పనికొస్తుంది. −7, −3 ఎదురైనప్పుడు 7 పెద్దదనే పాత అలవాటు కొద్దీ పిల్లలు −7 వైపు నోరు తెరిపిస్తారు. సంఖ్యారేఖ మీద కుడివైపున ఉన్నదే పెద్దదని నేర్పితే పై తరగతుల్లో దాన్ని విడిచిపెట్టే అవసరం రాదు.

చరరాశితో భాగించడం మరో పొరపాటు. దాని విలువ ధనమో ఋణమో తెలియనప్పుడు దిక్కు తిరుగుతుందో లేదో చెప్పలేం. 2 < య > 5 వంటి రాత కూడా తప్పే. సంయుక్త అసమీకరణంలో గుర్తులు రెండూ ఒకే దిక్కున ఉండాలి.

మాటల నుంచి గుర్తులకు

నిత్యజీవితంలో అసమీకరణాలు గుర్తుల రూపంలో రావు. "కనీసం", "తక్కువ కాకుండా" అంటే ≥. "మించకుండా", "గరిష్ఠంగా" అంటే ≤. హైదరాబాద్‌లో మూసీకి దక్షిణాన, లాల్‌దర్వాజ, శాలిబండల పొరుగున ఉన్న గౌలిపుర వంటి పాతబస్తీ వాడల్లో తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. "కమ్ సే కమ్", "జ్యాదా సే జ్యాదా" అన్న మాటలు అక్కడ ఇవే గుర్తులకు సమానం. "లోపు" అన్న మాటకు మాత్రం సందర్భం చూడాలి. "18 ఏళ్ల లోపు" అంటే 18 చేరదు. "పదో తేదీ లోపు కట్టాలి" అంటే పదో తేదీ చేరుతుంది. 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించినప్పుడు షరతు య ≥ 21 నుంచి య ≥ 18కి మారింది.

హైదరాబాద్‌లో 2014లో నిర్ణయించిన ఆటో ఛార్జీ ప్రకారం మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11 రూపాయలు. గౌలిపురలో ఆటో ఎక్కిన వ్యక్తి దగ్గర 75 రూపాయలుంటే ఎంత దూరం వెళ్లగలడు? దూరం య అనుకుంటే 20 + 11(య − 1.6) ≤ 75. 20 తీసివేస్తే 11(య − 1.6) ≤ 55. 11తో భాగిస్తే య − 1.6 ≤ 5, కనుక య ≤ 6.6. దూరం ఋణం కాదు, 1.6 లోపు దూరానికి ఎలాగూ 20 రూపాయలే. కాబట్టి అసలు జవాబు 0 < య ≤ 6.6. చార్మినార్, అఫ్జల్‌గంజ్ ఈ సమితిలో ఉన్నాయి, సికింద్రాబాద్ స్టేషన్ లేదు. డ్రైవరు మీటరు వేస్తాడన్నది ఈ లెక్కలో చెప్పకుండా వదిలేసిన షరతు.

పాల లెక్క ఇంకొంచెం లోతైనది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం టోన్డ్ పాలలో కొవ్వు కనీసం 3 శాతం ఉండాలి. 6 శాతం కొవ్వున్న 40 లీటర్ల గేదెపాలలో 0.5 శాతం కొవ్వున్న వెన్న తీసిన పాలు ఎన్ని లీటర్లు కలపవచ్చు? కలిపేవి య లీటర్లయితే 6 × 40 + 0.5య ≥ 3(40 + య). విప్పితే 240 + 0.5య ≥ 120 + 3య. యలను కుడివైపుకు, సంఖ్యలను ఎడమవైపుకు చేరిస్తే 120 ≥ 2.5య, అంటే య ≤ 48. విద్యార్థులు తరచూ కుడి పక్షంలో 3 × 40 అని మాత్రమే రాస్తారు. కలిపిన పాలు కూడా మొత్తంలో భాగమేనని మరిచిపోవడం వల్ల అలా జరుగుతుంది. టోన్డ్ పాలకు కొవ్వు కాని ఘనపదార్థం కనీసం 8.5 శాతం ఉండాలన్న రెండో షరతు కూడా ఉంది. అందుకే వెన్న తీసిన పాల బదులు నీళ్లు కలిపితే కొవ్వు షరతు ఒక్కటే చూసి తృప్తిపడటం కుదరదు.

చరరాశి పూర్ణసంఖ్య మాత్రమే అయినచోట చివర మరో అడుగు ఉంటుంది. బోనాల పందిరికి కనీసం 100 కుర్చీలు కావాలి, టెంట్ హౌస్ ట్రాలీ ఆటోలో ఒకసారికి 30 పడతాయనుకుంటే 30య ≥ 100, కనుక య ≥ 10/3, అంటే సుమారు 3.33. నాలుగు ట్రిప్పులు తప్పవు. అదే ఆటో 500 కిలోలకు మించి మోయదనుకుని 25 కిలోల బియ్యం బస్తాలు వేస్తే 25య ≤ 500, య గరిష్ఠంగా 20. పరిమితి 510 కిలోలైనా, 520 కిలోలైనా జవాబు 20 దగ్గరే ఆగుతుంది. "కనీసం" అన్నచోట పై పూర్ణసంఖ్యకు, "మించకుండా" అన్నచోట కింది పూర్ణసంఖ్యకు వెళ్లాలి. బడిలో నేర్పే సవరింపు నియమం (సగం దాటితే పైకి) ఇక్కడ చెల్లదు.

రెండు చరరాశులు

రెండు చరరాశుల రేఖీయ అసమీకరణం సాధన సంఖ్యారేఖ మీద పట్టదు. గ్రాఫు కాగితం కావాలి. ముందు అసమానతకు బదులు సమానం పెట్టి సరళరేఖ గీస్తారు. ఆ రేఖ తలాన్ని రెండు అర్ధతలాలుగా చీలుస్తుంది. ఏ వైపు సాధనో తెలుసుకోవడానికి రేఖ మీద లేని ఒక బిందువును, సాధారణంగా మూలబిందువును, ప్రతిక్షేపిస్తారు. వాక్యం నిజమైతే ఆ వైపు, కాకపోతే అవతలి వైపు షేడ్ చేస్తారు. కఠిన అసమీకరణానికి గీత చుక్కల గీతగా ఉంటుంది.

లాడ్ బజారు దుకాణాలకు లక్క గాజులు చేసిచ్చే ఇంటి కార్ఖానాను ఉదాహరణగా తీసుకోవచ్చు. సాదా సెట్టుకు ఒక గంట, రాళ్లు అద్దిన సెట్టుకు రెండు గంటలు పడుతుందనీ, మొత్తం 16 పని గంటలున్నాయనీ, లక్క 10 సెట్లకే సరిపోతుందనీ అనుకుందాం. సాదా సెట్లు య, రాళ్ల సెట్లు క అయితే య + 2క ≤ 16, య + క ≤ 10, య ≥ 0, క ≥ 0. నాలుగూ కలిసే చోటు ఒక చతుర్భుజం. దాని శీర్షాలు (0, 0), (10, 0), (4, 6), (0, 8). ఈ ప్రాంతంలోని ఏ రెండు బిందువులను కలిపినా ఆ రేఖాఖండం లోపలే ఉంటుంది. ఇలాంటి సమితిని కుంభాకార సమితి అంటారు.

సాదా సెట్టుకు 40 రూపాయలు, రాళ్ల సెట్టుకు 60 రూపాయలు లాభమైతే 40య + 60క గరిష్ఠం కావాలి. శీర్షాల వద్ద విలువలు వరుసగా 0, 400, 520, 480. కాబట్టి 4 సాదా, 6 రాళ్ల సెట్లు చేయడం మేలు. లాభం ఎక్కువని అన్నీ రాళ్ల సెట్లే చేస్తే 40 రూపాయలు తగ్గుతాయి. గరిష్ఠ విలువ ఏదో ఒక శీర్షం వద్దే దొరుకుతుందన్నది లీనియర్ ప్రోగ్రామింగ్‌కు పునాది అయిన ఫలితం.

పాఠ్యప్రణాళికలో స్థానం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పాత పదో తరగతి గణితంలో లీనియర్ ప్రోగ్రామింగ్ ఒక అధ్యాయంగా ఉండేది. అసమీకరణాలను గ్రాఫులో షేడ్ చేసి గరిష్ఠ లాభం కనుక్కునే లెక్క పరీక్షలో గ్రాఫు కాగితంతో సహా వచ్చేది. 2014లో వచ్చిన కొత్త పదో తరగతి పుస్తకాల్లో ఆ అధ్యాయం లేదు. రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల జత మాత్రం ఉంది. ఫలితంగా ఒకే ఇంట్లో తల్లిదండ్రులు పదిలో చేసిన లెక్క పిల్లలకు ఆ తరగతిలో కనిపించదు. జాతీయ పాఠ్యప్రణాళికలో రేఖీయ అసమీకరణాలు 11వ తరగతిలో, లీనియర్ ప్రోగ్రామింగ్ 12వ తరగతిలో వస్తాయి. రాష్ట్ర ఇంటర్ బోర్డు ద్వితీయ సంవత్సరం 2ఎ పేపర్లో వర్గ సమాసాల అధ్యాయంలో వర్గ అసమీకరణాలు ఉంటూ వచ్చాయి. రేఖీయ అసమీకరణం గట్టిగా రాకుండా అక్కడికి చేరినవారు కారణాంకాల గుర్తుల పట్టిక దగ్గర ఇబ్బంది పడతారు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్, డిగ్రీ పుస్తకాల ద్వారా తెలుగు గణిత పదజాలాన్ని స్థిరపరిచింది. హైదరాబాద్‌లో ఉర్దూ మాధ్యమానికీ పాత చరిత్ర ఉంది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గణితం సహా ఉన్నత విద్య ఉర్దూలోనే సాగింది. ఉర్దూ మాధ్యమం గణిత పుస్తకాల్లో వాక్యం కుడి నుంచి ఎడమకు సాగినా, సమీకరణాలు, అసమీకరణాలు ఎడమ నుంచి కుడికే ఉంటాయి. కాబట్టి < గుర్తును చదివే దిక్కు వాక్యాన్ని చదివే దిక్కుకు ఎదురు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో దిగువ తరగతులకు ఇంగ్లిషు మాధ్యమం రావడంతో రెండు భాషల్లో ఎదురెదురు పేజీలున్న పుస్తకాలు వచ్చాయి.

అనువర్తనాలు

అసమీకరణ వ్యవస్థలను ఉత్పత్తి ప్రణాళికకు అన్వయించిన తొలి కృషి సోవియట్ గణితజ్ఞుడు లియోనిద్ కంటరోవిచ్‌ది (1939). 1947లో అమెరికాలో జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు. శీర్షం నుంచి శీర్షానికి, లాభం పెరిగే దిక్కుకు నడుస్తూ పోవడమే అందులోని కీలకం. గాజుల లెక్కలో శీర్షాలు నాలుగే. వందల చరరాశులుంటే శీర్షాలన్నీ లెక్కపెట్టడం యంత్రానికి కూడా అసాధ్యం. గ్వాలియర్‌లో పుట్టిన నరేంద్ర కర్మార్కర్ 1984లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా ప్రాంతం లోపలి నుంచే గరిష్ఠ బిందువు వైపు సాగే మరో పద్ధతిని ప్రకటించాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కట్టా గోపాలకృష్ణ మూర్తి రాసిన "లీనియర్ ప్రోగ్రామింగ్" (1983) ఈ రంగంలో పేరున్న పాఠ్యగ్రంథం.

ఈ శాస్త్రం ఆపరేషన్స్ రీసెర్చ్‌లో భాగం. భారతదేశంలో ఆ రంగానికి తొలి విభాగం 1949లో హైదరాబాద్‌లోని రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీలో ఏర్పడిందని పాఠ్యగ్రంథాలు పేర్కొంటాయి. ఆ సంస్థే నేడు తార్నాకలో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ. రవాణా మార్గాలు, సిబ్బంది డ్యూటీ పట్టికలు, పశువుల దాణా మిశ్రమం, విద్యుత్ పంపిణీ వంటి ప్రణాళికల్లో ఈ పద్ధతులే వాడతారు. పరమ మూల్యంతో వచ్చే |య − 3| < 2 వంటి అసమీకరణాన్ని −2 < య − 3 < 2 అన్న సంయుక్త రేఖీయ అసమీకరణంగా విప్పి సాధిస్తారు. గుర్తు > అయితే సాధన య < 1 లేదా య > 5 అని రెండు విడి ముక్కలవుతుంది (చూ. పరమ మూల్యం, వర్గ సమాసాలు).